దేనికి? ఎంతకు? ఎన్నాళ్ళకు?

అప్పు కోసం బ్యాంకుకు వచ్చినవాళ్ళ చేత మేము నింపించే కాగితాలు ఎన్ని పేజీలున్నా, వాటి సారమంతా మూడు ప్రశ్నల్లో ఉంటుంది. దేనికి? ఎంతకు? ఎన్నాళ్ళకు? ముప్పై ఏళ్ళుగా ఈ మూడూ ఎదుటివాళ్ళని అడుగుతూ వచ్చాను. పాడి ఆవులు కొనుక్కునేవాళ్ళని అడిగాను. గులాబీ తోటలు వేసుకునేవాళ్ళని అడిగాను. కొడుకు ఇంజనీరింగు ఫీజు కోసం వచ్చిన తండ్రుల్ని అడిగాను. యాభై ఆరో ఏట, దూర ప్రయాణాలకు పనికొచ్చే మోటారు సైకిలొకటి కొనుక్కోవాలన్న కోరిక నాకే పుట్టేసరికి, బల్లకు ఇటూ అటూ నేనే కూర్చుని అవే ప్రశ్నలు వేసుకున్నాను.

ఆ విచారణ మూడు నెలలు సాగింది. అందులో తేలిన సంగతులు నాలాంటి కోరిక ఉన్న మరి కొందరికి పనికి వస్తాయని ఇక్కడ రాస్తున్నాను. సాహిత్య పత్రికలో ఈ ఇంజన్ల గోల ఏమిటని అనుకునేవాళ్ళు దీన్ని చుట్టాలింటికి వెళ్ళే దారి గురించిన వ్యాసంగా చదువుకోవచ్చు. అసలు సంగతి కూడా అదే.

మాది హోసూరు. మోటారు సైకిళ్ళ ఊరు. 1980లో టి.వి.యస్. 50 మోపెడ్ ఇక్కడి కర్మాగారం నుంచే రోడ్డెక్కింది. 1984లో ఇండ్-సుజుకి ఎ.ఎక్స్. 100 వచ్చేనాటికి నేను హైస్కూలు పిల్లవాణ్ణి. కొత్త బండ్లను పరీక్షించడానికి రోడ్డు మీదికి తెస్తే, వాటి వెనక కొంతదూరం పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఉద్యోగంలో చేరాక 1995లో సుజుకి సామురాయ్ కొన్నాను. కారు వచ్చాక అది వెళ్ళిపోయింది. తరవాత ఇన్నేళ్ళూ బ్యాంకుకూ బజారుకూ స్కూటరే. అంచేత కోరిక కొత్తది కాదు. దానికి కారణం దొరకడమే కొత్త.

ఆ కారణం మా అక్క. అక్క బళ్ళారిలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం బావగారు పోయారు. కొడుకు పూనాలో, కూతురు హైదరాబాదులో. ఇద్దరూ రమ్మంటారు. అక్క కదలదు. ‘‘నలభై రెండేళ్ళు ఈ గడప తుడిచినాను. ఇప్పుడు ఇంకొకరి గడప మీద కూర్చునేదానికి నాకు చేతకాదురా’’ అంటుంది. ఫోనులో రోజూ మాట్లాడుకుంటాం. కానీ ఫోనులో మనిషి బాగానే ఉన్నానంటుంది. వెళ్ళి చూస్తే తెలుస్తుంది, మాత్రల డబ్బాలో రాత్రి మాత్రలు అట్లాగే మిగిలి ఉన్నాయని. అందుకని నెలకొకసారైనా వెళ్ళి రావాలని నేనూ మా ఆవిడా నిర్ణయించుకున్నాం. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు గనక, శనివారం వెళ్ళి ఆదివారం రావచ్చు.

మనలాంటి వాళ్ళకు చుట్టరికమంటేనే దూరం. ఊళ్ళో మన భాష మాట్లాడే మన ఇంటివాళ్ళు తక్కువ కావడం వల్ల మన పెద్దలు ఆడపిల్లల్ని రాష్ట్రాలు దాటించి ఇచ్చారు, దూరపు ఊళ్ళ నుంచి తెచ్చుకున్నారు. అక్క బళ్ళారికి వెళ్ళింది. మా ఆవిడ గుడియాత్తం నుంచి వచ్చింది. మీ ఇళ్ళల్లోనూ లెక్క తీస్తే ఒకరు బరంపురంలో, ఒకరు షోలాపూరులో తేలతారు. కారులో పోవచ్చు గదా అని అడిగితే, పోవచ్చు. బస్సూ ఉంది. కానీ వెళ్ళడం ఒక బాధ్యతగా మాత్రమే మిగిలిపోతే ఏదో ఒక నెల తప్పిపోతుందని నా భయం. దారి కూడా ఇష్టమైతే తప్పదు. నా మొదటి ప్రశ్నకు నేను ఇచ్చుకున్న జవాబు అది.

అయితే బ్యాంకు అధికారి అంత తేలికగా ఒప్పుకోడు. ‘దేనికి’ అంటే కోరిక చెప్పడం కాదు, పని చెప్పడం. కనక బండిని పక్కన పెట్టి ముందు దారిని కాగితం మీద పెట్టాను.

హోసూరు నుంచి బళ్ళారికి సుమారు 350 కిలోమీటర్లు. అత్తిబెలె దగ్గర కర్ణాటకలో ప్రవేశిస్తాం. బెంగుళూరు నడుమ నుంచి ఈడ్చుకుంటూ వెళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి ఆంధ్రలో అడుగుపెడతాం. పెనుకొండ, అనంతపురం, ఉరవకొండ మీదుగా పోయి, మళ్ళీ కర్ణాటకలోకి వస్తే బళ్ళారి. దారి బోర్డుల మీద ముందు తమిళం, తరవాత కన్నడం, ఆ తరవాత తెలుగు, చివర మళ్ళీ కన్నడం. బోర్డులు మారినంత తేలికగా మనుషులు మారరు. బాగేపల్లిలో కన్నడ బోర్డు కింద కూర్చుని టీ పోసే ఆయన తెలుగులోనే పలకరిస్తాడు.

ఈ దారి బండిని మూడు రకాలుగా పరీక్షిస్తుంది. మొదటి అరవై డెబ్బై కిలోమీటర్లు ఊరి రద్దీ. అక్కడ బరువైన బండి, గట్టి క్లచ్చి, కాళ్ళకు సెగ కొట్టే పెద్ద ఇంజను శిక్షే. రెండో భాగం నాలుగు వరుసల జాతీయ రహదారి. అక్కడ గంటల తరబడి ఒకే వేగంతో పోవాలి. చిన్న ఇంజను ఆ వేగంలో ఒళ్ళంతా వణుకుతూ పోతుంది. ఆ వణుకు చేతుల్లోకి వచ్చి, దిగాక కూడా వేళ్ళు జివ్వుమంటాయి. మూడోది అనంతపురం దాటాక వచ్చే గాలి. ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే నాటలేదు. పక్క నుంచి తోసే గాలికి మరీ తేలిక బండి నిలవదు. ఛాతీకి అడ్డం లేని బండి మీద కూర్చుంటే, రోజంతా ఎవరో రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి నెడుతున్నట్టుంటుంది.

ఈ మూడు అవసరాలనూ కలిపి చూస్తే వచ్చే బండి జాతికి స్పోర్ట్ టూరింగ్ అని పేరు. పందెపు బండికి చురుకు ఎక్కువ, సుఖం తక్కువ. దూరప్రయాణపు పెద్ద బండికి సుఖం ఎక్కువ, చురుకు తక్కువ. ఈ రెండింటికీ మధ్య రాజీ ఇది. 1976లో జర్మనీ వాళ్ళు బి.ఎం.డబ్ల్యు. ఆర్ 100 ఆర్.ఎస్. అనే బండికి మనిషిని గాలి నుంచి కాపాడే పూర్తి తొడుగు తగిలించి అమ్మారు. ఆ తొడుగు ఆకారాన్ని గాలి సొరంగంలో పరీక్షించి తీర్చారు. ఈ జాతికి ఆదిపురుషుడు అదేనని చాలామంది అంటారు. 1980లలో హోండా వి.ఎఫ్.ఆర్. 750, కవాసాకి జి.టి.ఆర్. 1000 వంటివి ఆ దారినే పట్టాయి. అవి వేగానికి అదుపు తక్కువగా ఉండే యూరపు రహదారుల కోసం, పెట్టెలు కట్టుకుని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయేవాళ్ళ కోసం పుట్టిన బండ్లు. వాటి వారసులు ఇక్కడా దొరుకుతున్నాయి గానీ, వెయ్యి సి.సి. బండి ధర పది లక్షలు దాటుతుంది.

మన సంగతి వేరు. మన నాలుగు వరుసల రహదారుల మీద ద్విచక్ర వాహనానికి కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. కొన్ని దారులు అసలు రానే రానివ్వవు. బెంగుళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి మోటారు సైకిళ్ళకు ప్రవేశం లేదు. పక్క రోడ్డులో పోవలసిందే. అందుచేత గంటకు 200 పోయే బండి కొనడమంటే, అద్దె ఇంట్లో ఉంటూ పది ఎకరాలకు సరిపడా మోటారు పంపు కొనుక్కోవడం వంటిది. మనకు కావలసింది ఎనభైలో నిబ్బరంగా పోతూ, లారీని దాటేటప్పుడు అవసరమైన బలం దాచుకుని ఉండే బండి. నా లెక్కలో అది 250 సి.సి. నుంచి 450 సి.సి. లోపల దొరుకుతుంది. అంతకు మించి కొనేది సరదా కోసమే. సరదా తప్పు కాదు గానీ, దాన్ని అవసరం పద్దులో రాయకూడదు.

ఇక ఒంటి సంగతి. పాతికేళ్ళ కుర్రవాడు బండిని కంటితో కొంటాడు. యాభై దాటినవాడు నడుముతో కొనాలి. అంగడిలో బండి మీద ఒక్క నిమిషం కూర్చుని దిగితే ఏమీ తెలియదు. ఇరవై నిమిషాలు కూర్చోవాలి. హ్యాండిలు పట్టుకున్నప్పుడు బరువు అరచేతుల మీద పడుతున్నదా, పిరుదుల మీద ఉన్నదా చూడాలి. అరచేతుల మీద పడితే వంద కిలోమీటర్లకే మణికట్లు పట్టేస్తాయి. కాళ్ళు పెట్టే కడ్డీలు మరీ వెనక్కి, పైకి ఉంటే మోకాళ్ళు మడత పడి బిగుసుకుంటాయి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఆ తరవాత దిగి, బండిని వెనక్కి నెట్టి చూడాలి. పరుగెత్తేటప్పుడు ఏ బండికీ బరువుండదు. వాలుగా ఉన్న చోట ఆపి, వెనక్కి లాగవలసి వచ్చినప్పుడు దాని అసలు బరువు తెలుస్తుంది.

నేను చూసినవాటి లెక్కలు ఇవి. మా ఊళ్ళోనే తయారై 2017 డిసెంబరులో విడుదలైన అపాచీ ఆర్.ఆర్. 310 బరువు 174 కిలోలు, సీటు ఎత్తు 810 మిల్లీమీటర్లు, టాంకు 11 లీటర్లు. పూర్తి తొడుగు ఉన్న అందమైన బండి. పూనా దగ్గర చాకణ్‌లో తయారయ్యే డామినార్ 400 బరువు 193 కిలోలు, సీటు ఎత్తు 800, టాంకు 13 లీటర్లు. 2023 నవంబరులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి 17 లీటర్ల టాంకు ఉంది. కాని సీటు 825 మిల్లీమీటర్లు. నా పొడుగుకు మడమలు లేస్తాయి. వాళ్ళదే సూపర్ మీటియార్ 650 సీటు 740 మాత్రమే. సోఫాలో కూర్చున్నట్టుంటుంది. బరువు 241 కిలోలు. మా సందులో గేటు దగ్గర దాన్ని తిప్పాలంటే పక్కింటి వాళ్ళని పిలవాలి.

మా ఊరి బండి మీద నాకు అభిమానం ఉండడం సహజం. నా వరకు అది బాగానే అమరింది. ముందుకు కాస్త వంగినా, అలవాటు చేసుకోవచ్చుననిపించింది. కానీ ప్రయాణం నా ఒక్కడిది కాదు. మా ఆవిడ మొదటే చెప్పింది, ‘‘వదినమ్మను చూసేదానికి నేనూ వస్తాను. మీ సీటు మీరు చూసుకోండి. నా సీటు నేను చూసి చెప్తాను’’ అని. ఇద్దరం కలిసి అంగడికి వెళ్ళాం. ఇలాంటి చురుకైన బండ్లకు వెనక సీటు చిన్నదిగా, ముందు సీటు కన్నా చాలా ఎత్తుగా ఉంటుంది. ఆవిడ ఎక్కి కూర్చుని, రెండు నిమిషాలు ఓపిక పట్టి, ‘‘మూడొందల కిలోమీటర్లు ఇట్లా మీ వీపు మీద పడి వచ్చేదానికి నేనేమన్నా మూటనా?’’ అంది. అంతసేపూ మాతో తమిళంలో మాట్లాడుతున్న అమ్మకాల కుర్రవాడు ఫక్కున నవ్వి, ‘‘నిజమేనమ్మా’’ అన్నాడు. సూళగిరి పక్క పిల్లవాడట.

మోటారు సైకిళ్ళ గురించి రాసేవాళ్ళు ఇంజను గురించి పది పేరాలు, వెనక సీటు గురించి ఒక వాక్యం రాస్తారు. ఇద్దరు పోయే బండికి ఆ లెక్క తిరగేయాలి. వెనక మనిషికి పట్టుకునేందుకు గట్టి కడ్డీ ఉండాలి, పాదాలకు వెడల్పయిన చోటు ఉండాలి, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారని చదునైన సీటు ఉండాలి. వీపుకు ఆనుడు ఉంటే ఇంకా మంచిది. డామినార్‌కు 2021 అక్టోబరు నుంచి ఎత్తయిన గాలి అద్దం, చేతులకు అడ్డు, సామాను పెట్టుకునే కారియరు, దానితో పాటే వెనకవాళ్ళకు వీపు ఆనుడు కంపెనీ నుంచే అమర్చి ఇచ్చారు. మా ఆవిడ దాని మీద కూర్చుని, వీపు ఆనించి, చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని, ‘‘ఊఁ, పోనియ్యండి’’ అంది. అప్పటికి బండి స్టార్టు కూడా చేయలేదు.

బండి ఏదో తేలింది. రెండో ప్రశ్న ఎంతకు.

షోరూము గోడ మీద రాసిన ధర పెళ్ళిపత్రికలో ముహూర్తం వంటిది. అసలు ఖర్చు దాని చుట్టూ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకు ఉన్న బండ్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటినవాటి మీద, సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 శాతం అయింది. పన్ను వేయక ముందు రెండు లక్షలుండే బండికి ఇటు అయితే 36,000 పన్ను, అటు అయితే 80,000. గీతకు అటూ ఇటూ తేడా 44,000 రూపాయలు. బీమా కూడా ఇదే గీత దగ్గర విరుగుతుంది. కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 2022 జూన్ నాటి రేట్లలో 150 నుంచి 350 సి.సి. వరకు అది 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. వీటి మీద రాష్ట్రం వేసే జీవితకాల పన్ను. కాబట్టి బండి ఇంజను 348 సి.సి.నా, 373 సి.సి.నా అన్నది బలానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

అప్పు తీసుకునేవాళ్ళకు ఒక మాట. వడ్డీ రేటు అడిగి ఊరుకోకండి. అది తగ్గే నిల్వ మీదనా, ఫ్లాటు రేటా అని అడగండి. రెండు లక్షలు 10 శాతానికి, తగ్గే నిల్వ మీద, మూడేళ్ళకు తీసుకుంటే నెలకు 6,453 రూపాయల వాయిదా. మొత్తం వడ్డీ సుమారు 32,300. అదే పది శాతం ఫ్లాటు అయితే వాయిదా 7,222, వడ్డీ 60,000. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా, తీరిపోయిన దాని మీద కూడా వడ్డీ కడుతూనే ఉంటారన్నమాట. బ్యాంకు లెక్కలోకి మారిస్తే అది దాదాపు 18 శాతం. వాయిదా చిన్నదిగా కనబడుతుందని ఐదేళ్ళకు సాగదీస్తే, తగ్గే నిల్వ మీద కూడా వడ్డీ 55,000 దగ్గరికి పోతుంది. ఆ తేడాతో ఇద్దరికి మంచి హెల్మెట్లు, జాకెట్లు వస్తాయి.

హెల్మెట్ అన్నాను గనక, దాన్ని బండి ధరలో భాగంగానే చూడాలి. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్ అమ్మడానికే వీల్లేదు. రోడ్డు పక్క గంపలో అమ్మే టోపీ పోలీసు కోసం, తల కోసం కాదు. అట్లాగే ఎ.బి.ఎస్. బ్రేకులు. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన ప్రతి కొత్త బండికీ అవి తప్పనిసరి. పాత బండి కొనేవాళ్ళు ఆ తేదీకి తరవాత తయారైనదే చూసుకోవడం క్షేమం. టైర్ల విషయంలో, తీగల చక్రాల లోపల ట్యూబులున్నవాటి కన్నా ట్యూబు లేని టైర్లే మన దారులకు మేలు. పంక్చరు పడితే గాలి ఒక్కసారిగా పోదు. చక్రం విప్పకుండానే పల్లెలో కుర్రవాడు పది నిమిషాల్లో మూసి పంపిస్తాడు.

నేను కొత్తది కొనలేదు. వచ్చిన కొత్తలో కొని, మోజు తీరగానే అమ్మేసేవాళ్ళు ఇలాంటి బండ్లకు ఎక్కువ. అది కొనేవాడికి లాభం. హోసూరు రిజిస్ట్రేషనే ఉన్న 2022 నాటి డామినార్ 400, 19,000 కిలోమీటర్లు తిరిగినది, 1,48,000కు దొరికింది. పేరు మార్పిడికీ బీమాకూ కలిపి 8,000. రెండు టైర్లు, చెయిను, బ్రేకు పళ్ళేల అరుగుదల మార్పించడానికి 21,000. ఇద్దరికీ హెల్మెట్లు, జాకెట్లు, చేతి తొడుగులు 23,000. మొత్తం రెండు లక్షలు. సరిహద్దు ఊళ్ళల్లో ఉండే మనం ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పక్క రాష్ట్రంలో బండి చవకగా దొరికిందని సంబరపడితే చాలదు. అక్కడి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఫారం 28, తేవాలి. పన్నెండు నెలలు దాటి మన దగ్గర ఉంచుకుంటే ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించి, ఇక్కడి పన్ను కట్టాలి. పాత బండి పుస్తకంలో బ్యాంకు పేరు ఉంటే, ఆ బ్యాంకు ఇచ్చిన ఫారం 35 చేతికి వచ్చేదాకా డబ్బు ఇవ్వవద్దు. ఈ ఒక్క మాట కోసం నా దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

లెక్క ఇంకా ముగియలేదు. ఐదేళ్ళు తిప్పి 50,000కు అమ్మాననుకుందాం. అరిగిపోయేది లక్షన్నర, అంటే నెలకు 2,500. బళ్ళారికి పోయి రావడానికి 700 కిలోమీటర్లు. లీటరుకు 28 వస్తుందనుకుంటే 25 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన ఇంకో 2,500. నెలకొక ప్రయాణం ఐదు వేలు. బస్సులో ఇద్దరం ఇంతకన్నా చవకగా పోయి రావచ్చు. ఇది లాభసాటి పథకం కాదని కాగితం మీద స్పష్టంగా రాసుకున్నాను. రాసుకున్న తరవాతే మంజూరు చేశాను.

మిగిలింది మూడో ప్రశ్న. ఎన్నాళ్ళకు?

బ్యాంకులో దీన్ని అందరికన్నా తేలికగా అడుగుతాం. ముప్పై ఆరు నెలలా, అరవై నెలలా అని. నన్ను నేను అడుక్కున్నప్పుడు మాత్రం దీని దగ్గరే ఎక్కువ సేపు ఆగాను. 2019లో చట్టం సవరించాక, యాభై ఐదు దాటినవాడి డ్రైవింగ్ లైసెన్సు ఐదేళ్ళకే పునరుద్ధరిస్తారు. వైద్యుడి పత్రం కూడా కావాలి. నా లైసెన్సు తిరిగి వచ్చినప్పుడు దాని మీద అచ్చయిన తేదీ చూసి, ఇదొక కాలపరిమితి గల డిపాజిట్ అనుకున్నాను. రాత్రిపూట ఎదుటి లారీ దీపాలు ఇదివరకటి కన్నా ఎక్కువ పగులుతున్నాయి. అందుకని చీకటి పడ్డాక పోకూడదని నియమం పెట్టుకున్నాను. గంటన్నరకొకసారి ఆగాలని మా ఆవిడ నియమం పెట్టింది. వానలో పోకూడదని కొడుకు నియమం పెట్టాడు. ఇన్ని నియమాల మధ్య ఏడాదికి ఎన్ని ప్రయాణాలు తేలతాయి? బహుశా పది. ఐదేళ్ళకు యాభై.

యాభై అన్న అంకె చూశాక నాకు బండ్ల మీద ఉన్న మిగతా సందేహాలన్నీ పోయాయి. ఇంకో మంచి మోడలు వస్తుందేమో, పన్ను తగ్గుతుందేమో, రిటైరయ్యాక తీరిగ్గా కొనుక్కుంటే మేలేమో అని ఆగడానికి కుర్రవాళ్ళ దగ్గర నెలలుంటాయి. నేను ఆగే ఒక్కొక్క నెలా ఆ యాభైలో ఒకటి. పైగా ఈ లెక్కలో గడువు నా ఒక్కడిదే కాదు. అక్కకు అరవై ఎనిమిది.

మొదటి ప్రయాణం మాఘమాసంలో చేశాం. తెల్లవారక ముందే బయలుదేరి బెంగుళూరు దాటేశాం. బాగేపల్లిలో ఇడ్లీ, అనంతపురంలో పెట్రోలు, ఉరవకొండలో చెరుకురసం. బళ్ళారి చేరేసరికి రెండున్నర. అక్క గేటు దగ్గరికి వచ్చి, ‘‘బండి మీదనా వచ్చినారు? బస్సులన్నీ ఏమైనాయిరా?’’ అని తిట్టింది. లోపలికి పోయాక మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసి చూసి, నొప్పి లేదంటే నమ్మలేదు. ఆ సాయంత్రం నేను బండి తుడుస్తుంటే బయటికి వచ్చి, కాసేపు చూసి, వెనక సీటు ఆనుడును చేత్తో నొక్కి, ‘‘దుర్గమ్మ గుడికి పోయి చాన్నాళ్ళయింది. ఆటోవాళ్ళతో బేరమాడే ఓపిక లేక పోలేదు’’ అంది.

మా ఆవిడ తన హెల్మెట్ అక్క తలకు పెట్టి పట్టీ బిగించింది. అక్క చీర కుచ్చెళ్ళు పోగుచేసుకుని, నా భుజం పట్టుకుని ఎక్కింది. గుడి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, తిన్నగా ఇంటికి పోకుండా ఊరంతా ఒక చుట్టు తిప్పమంది.

వచ్చే రెండో శనివారం మళ్ళీ బయలుదేరాలి. ఐదువందల కిలోమీటర్లకొకసారి చెయినుకు నూనె రాయాలి గనక, శుక్రవారం సాయంత్రం ఆ పని ఉంది. ఈసారి మూడో హెల్మెట్ ఒకటి కొన్నాం. దాన్ని బళ్ళారిలోనే ఉంచేస్తాం.